నీటికాసులు: చెప్పకుండా పోయే చూపు

ఒక తెల్లకాగితం, పెన్సిలు, స్కేలు తీసుకోండి. కాగితం మీద ఎడమవైపున చిన్న కూడిక గుర్తు వేయండి. దానికి కుడిపక్కన సరిగ్గా 8 సెంటీమీటర్ల దూరంలో కందిగింజంత చుక్క పెట్టి నల్లగా దిద్దండి. ఇప్పుడు ఎడమకంటిని అరచేత్తో మూసుకోండి. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ వుండండి. చుక్కవైపు చూపు తిప్పకూడదు. అది పక్కన వున్నట్టు తెలుస్తూనే వుంటుంది, అంతే చాలు. అలా చూస్తూనే కాగితాన్ని మెల్లమెల్లగా మొహం దగ్గరికి తీసుకురండి. సుమారు 30 సెంటీమీటర్ల దూరానికి వచ్చేసరికి చుక్క మాయమైపోతుంది! ఇంకా దగ్గరికి తెస్తే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

చుక్క కనబడనప్పుడు ఆ చోట మీకేం కనబడింది? నల్లని మచ్చ కనబడిందా? లేదు. చిల్లు కనబడిందా? అదీ లేదు. మామూలు తెల్లకాగితమే కనబడింది. ఇప్పుడు ఆ చుక్క మీదుగా పైనుంచి కిందికి 12 సెంటీమీటర్ల నిలువుగీత గీసి మళ్ళీ ఇదే ప్రయోగం చేయండి. చుక్క మాయమవుతుంది గాని, గీత మాత్రం ఎక్కడా తెగినట్టు కనిపించదు!

కంటిలో ఇలాంటి చోటు ఒకటి వుందని 1660లలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారియట్ కనిపెట్టాడు. కంటి వెనకగోడకు లోపలివైపున రెటీనా అనే పలుచని పొర వుంటుంది. దానిమీద బొమ్మ పడుతుంది. ఆ బొమ్మ కబురును మెదడుకు మోసుకుపోయే నరాల పోచలన్నీ ఒక్కచోట చేరి, కట్టగా కట్టుకుని, కంటిలోంచి బయటికి పోతాయి. ఆ చోట వెలుగును పట్టే కణాలు లేవు. అందుచేత అక్కడ ఏ బొమ్మ పడినా మనకు కనబడదు. దీన్ని అంధబిందువు అంటారు. పుట్టినప్పటినుంచీ చెరొక కంటిలో అంధబిందువు వున్నా ఆ సంగతి మనకెవరికీ తెలియదు. ఎందుకంటే, ఒక కంటికి కనబడని చోటును రెండో కన్ను చూస్తుంది. ఒకే కంటితో చూసినా, చుట్టుపక్కల వున్న రంగునూ గీతనూ బట్టి మెదడు ఆ ఖాళీని తానే పూడ్చేస్తుంది.

ఈ ప్రయోగం బాగా గుర్తుంచుకోండి. నీటికాసులు అనే కంటిజబ్బు గురించి తెలుసుకోవలసినదాంట్లో సగం ఇందులోనే వుంది. డాక్టర్లు దీన్ని గ్లాకోమా అంటారు. మన దేశంలో 40 ఏళ్ళు దాటినవారిలో కోటి మందికి పైగా దీని బారిన పడ్డారని లెక్క. వారిలో చాలామందికి తమకీ జబ్బు వున్నట్టు తెలియదు.

కంటిలో కొళాయి, తూము

సైకిలు ట్యూబులో గాలి లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. కంటిగుడ్డు కూడా అంతే. లోపలినుంచి కొంత ఒత్తిడి వుంటేనే అది గుండ్రంగా నిలబడి బొమ్మను సరైన చోట పడేస్తుంది. ఆ ఒత్తిడినిచ్చేది నీరు. కంటి ముందుభాగంలో, గడియారపు అద్దంలా ఉబ్బెత్తుగా వుండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని వెనక గోధుమరంగుగానో నల్లగానో కనిపించే గుండ్రని తెర ఐరిస్. తెర మధ్యనున్న రంధ్రమే కంటిపాప. తెర వెనక కటకం వుంటుంది. కార్నియాలోనూ కటకంలోనూ రక్తనాళాలు లేవు. వుంటే వెలుగుకు అడ్డమొచ్చేవి. మరి వాటికి ఆహారం ఎలా అందుతుంది? నేత్రోదకమనే స్వచ్ఛమైన నీరు వాటిని తడుపుతూ ఆహారం అందిస్తుంది. ఇది కన్నీరు కాదు సుమా! కన్నీరు కంటిగుడ్డుకు బయట వుండేది, ఇది లోపలిది.

ఐరిస్ తెర వెనక వున్న సిలియరీ అంగంలో ఈ నీరు నిరంతరం ఊరుతూ వుంటుంది. ఎంత అనుకున్నారు? మందు సీసాలోంచి పడే ఒక్క చుక్కంత నీరు ఊరటానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. అలా ఊరిన నీరు కంటిపాపగుండా ముందుగదిలోకి వచ్చి, కార్నియాకు ఐరిస్‌కు మధ్యనున్న ఇరుకు మూలకు చేరుతుంది. ఈ మూలను డాక్టర్లు కోణం అంటారు. కోణంలో జల్లెడలాంటి వల వుంది. నీరు ఆ వలలోంచి వడపోసుకుని, వెనకనున్న సన్నని కాలువలో పడి, చివరికి రక్తంలో కలిసిపోతుంది. ఆ కాలువను 1830లో వర్ణించిన జర్మను శాస్త్రజ్ఞుడు ష్లెమ్ పేరే దానికి పెట్టారు.

అంటే కంటిలో ఒక కొళాయి, ఒక తూము వున్నాయన్నమాట. కొళాయిలోంచి వచ్చినంత నీరూ తూములోంచి పోతూ వుంటే తొట్టిలో మట్టం మారదు. మామూలుగా కంటిలో ఒత్తిడి 10నుంచి 21 పాదరసపు మిల్లీమీటర్ల దాకా వుంటుంది. 15 మిల్లీమీటర్ల పాదరసం అంటే సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు నీటితో సమానం. రక్తపు పోటు వేరు, కంటి ఒత్తిడి వేరు. బి.పి. మామూలుగానే వుంది గనక నా కళ్ళకేం భయం లేదనుకోవటం సరికాదు.

తూము పూడుకుంటే? కొళాయి ఆగదు గనక ఒత్తిడి పెరుగుతుంది. కంటిగుడ్డు గోడ గట్టిది, ఆ ఒత్తిడికి సులభంగా లొంగదు. కాని ఆ గోడలో ఒక మెత్తని చోటు వుంది. నరాల పోచలు బయటికి పోయే చోటు అది. అక్కడ గోడ జల్లెడలాగా చిల్లులు పడి వుంటుంది. 10 లక్షలకు పైగా పోచలు ఆ చిల్లులలోంచే దూరి పోవాలి. ఒత్తిడికి ఆ జల్లెడ వెనక్కి వంగుతుంది; చిల్లుల అంచుల మధ్య పోచలు నలుగుతాయి; వాటికి ఆహారం సరిగా అందదు. ఒక్కొక్కటే చచ్చిపోతుంది. చచ్చిన పోచ మళ్ళీ మొలవదు. ఇవాళ్టివరకూ దాన్ని మొలిపించే మందు లేదు.

ఆ మెత్తని చోటు ఏదో గుర్తుపట్టారా? మన అంధబిందువే!

నల్లగా కనిపించదు

ముందుగా చచ్చేవి సాధారణంగా పక్కచూపునిచ్చే పోచలు. నడిమధ్య చూపునిచ్చేవి చాలాకాలం నిలుస్తాయి. అందుకే నీటికాసులున్న మనిషి పత్రిక చదవగలడు, సూదిలో దారం ఎక్కించగలడు, కంటి ఆస్పత్రిలో గోడమీద అక్షరాల పట్టీలో చివరి వరుస కూడా తప్పులేకుండా చదివేయగలడు. “చూపు బ్రహ్మాండంగా వుంది” అనుకుంటూ ఇంటికి పోతాడు. కొన్నాళ్ళకు గుమ్మం దాటుతుంటే భుజం తలుపుకు తగులుతుంది. మెట్టు దిగుతుంటే కాలు తడబడుతుంది. రోడ్డు దాటుతుంటే పక్కనుంచి ఒక సైకిలు ఆకాశంలోంచి ఊడిపడినట్టు ఎదురవుతుంది. పెద్దతనం అనుకుంటాడు. ఇంట్లోవాళ్ళూ అదే అనుకుంటారు.

ఈ జబ్బుకు బొమ్మ వేసేవాళ్ళు, చుట్టూ నల్లగా వుండి మధ్యలో గుండ్రంగా వెలుతురున్నట్టు, గొట్టంలోంచి చూస్తున్నట్టు వేస్తారు. ఆ బొమ్మ మేలుకంటె కీడే ఎక్కువ చేసిందని నా వుద్దేశం. నల్లగా కనిపిస్తే ఎవరైనా కంగారుపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు కదా! నిజానికి నల్లగా కనిపించదు. మీ ప్రయోగంలో చుక్క పోయిన చోట కాగితం కనిపించినట్టే, పోయిన చూపు చోట మెదడు ఏదో ఒకటి పూడ్చి చూపిస్తుంది. అక్కడేమీ లేదని తెలియదు. అక్కడొక మనిషి వున్నాడనీ తెలియదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, దురద లేదు.

దీన్ని శుక్లంతో కలిపి చూడటం మన ఇళ్ళలో మరొక ప్రమాదం. శుక్లం అంటే కటకం మసకబారటం. ఆపరేషనుతో ఆ కటకాన్ని తీసి కొత్తది అమరిస్తే చాలామందికి చూపు తిరిగి వస్తుంది. కాబట్టి మన అమ్మమ్మలూ తాతయ్యలూ “ముదరనీ, పొలంపనులయ్యాక చూద్దాం” అంటూ వాయిదా వేస్తారు. శుక్లం విషయంలో ఆ వాయిదా ఎక్కువసార్లు సరిపోతుంది. కంటిలో వున్నది నీటికాసులైతే, వాయిదా వేసిన ప్రతి నెలలోనూ పోయిన చూపు పోయినట్టే. రెండూ ఒకే కంటిలో కూడా వుండవచ్చు.

నొప్పితో వచ్చే రకం

ఇంతవరకూ చెప్పింది తూము తెరిచే వుండి, లోపలి వల మెల్లగా పూడుకునే రకం. రెండో రకంలో తూము మూతే పడిపోతుంది. కొందరి కళ్ళు చిన్నవి, కోణం ఇరుకు. దూరదృష్టి వున్నవారిలో ఇలాంటి కళ్ళు ఎక్కువ. వారికి ఐరిస్ వెనకనుంచి నీరు కంటిపాపగుండా ముందుకు రావటం కష్టమవుతుంది. వెనక నీరు చేరేకొద్దీ ఐరిస్ గాలికి ఉబ్బిన తెరచాపలా ముందుకు పొంగి, కోణానికి అడ్డం పడుతుంది. సినిమాహాలు చీకట్లో కంటిపాప పెద్దదైనప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. చాలామందికి ఇది కూడా చప్పుడు లేకుండానే జరుగుతుంది. కొందరికి మాత్రం మూత ఒక్కసారిగా పడి, కొన్ని గంటల్లోనే ఒత్తిడి 50 దాటుతుంది. కన్ను ఎర్రబడి రాయిలా గట్టిపడుతుంది. భరించలేని తలనొప్పి, చూపు మసక, దీపం చుట్టూ ఇంద్రధనుస్సు వలయాలు, వాంతులు. వాంతులు చూసి ఇంట్లోవారు అజీర్తి అనుకుని సోడా తాగించి పడుకోబెడతారు. తలనొప్పితో వాంతులవుతున్న పెద్దవారి కన్ను ఎర్రగా వుంటే ఆ రాత్రే కంటిడాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. తెల్లవారనివ్వకూడదు.

ఈ రకానికి మొదటిసారి వైద్యం కనిపెట్టినవాడు బెర్లిన్‌లోని కంటివైద్యుడు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరాన్ని కనిపెట్టాడు. దాంతో గ్రేఫె వంటివారికి బతికున్న మనిషి కంటిలో నరం ఎలా గుంటపడిందో చూడటానికి వీలైంది. 1857లో గ్రేఫె ఐరిస్‌లో చిన్నముక్క కోసి తీసేస్తే, నొప్పితో వచ్చిన నీటికాసులు నయం కావటం ప్రకటించాడు. అంతకు ముందు గుడ్డితనం తప్పదనుకున్న జబ్బు అది! కాని అదే ఆపరేషను నొప్పిలేని రకానికి చేస్తే పెద్దగా పనిచేయలేదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. తూము మూతపడటం వేరు, తెరిచివున్న తూము పూడుకోవటం వేరు అని తేలాలంటే, తూము వున్న కోణాన్ని కంటితో చూడాలి. అక్కడే చిక్కు వచ్చింది.

కంటిలో కనిపించని మూల

కార్నియా పారదర్శకమే కదా, దాని వెనకనున్న కోణం ఎందుకు కనబడదు? ఎదటి మనిషి కంటిని ముందునుంచి, పక్కనుంచి ఎలా చూసినా ఆ మూల కనబడదు. దీనికి జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే వుంది. సాంద్రతర యానకంలోంచి విరళ యానకంలోకి పోయే కిరణం మరీ ఏటవాలుగా వస్తే బయటికి పోలేక, వచ్చిన వైపుకే తిరిగిపోతుంది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనం. కార్నియానుంచి గాలిలోకి పోయే వెలుగుకు సందిగ్ధకోణం సుమారు 46 డిగ్రీలు. ఐరిస్ మూలనుంచి బయలుదేరిన కిరణాలు అంతకంటె ఏటవాలుగా కార్నియాను తాకి, మళ్ళీ కంటిలోకే పోతాయి. కంటి బయటికి ఒక్క కిరణమూ రాదు.

కార్నియా పక్కన గాలి లేకుండా చేస్తే? కార్నియామీద ఒక గాజు కటకాన్ని ఆనిస్తే, వెలుగు గాలిని తాకకుండా గాజులోకి పోతుంది. గాజులో చిన్న అద్దం అమరిస్తే ఆ వెలుగు డాక్టరు కంటివైపు తిరుగుతుంది. ఈ ఉపాయంతో కోణాన్ని చూడటాన్ని గోనియోస్కోపీ అంటారు. దీని సాయంతోనే 1938లో అమెరికాలో ఒట్టో బార్కన్ అనే వైద్యుడు నీటికాసులను కోణం తెరుచుకున్నవి, ఇరుకైనవి అని విడదీశాడు. గ్రేఫె ఆపరేషను ఒకరికి పనిచేసి మరొకరికి ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమైంది. మూతపడిన రకానికి ఐరిస్‌లో చిన్న చిల్లు పెడితే, వెనకనున్న నీరు దానిగుండా ముందుకొచ్చి తెరచాప కిందికి వాలుతుంది. ఇప్పుడు ఆ చిల్లును లేజరు కిరణంతో కత్తి పెట్టకుండా కొద్ది నిమిషాల్లో వేస్తున్నారు.

జబ్బును పట్టుకోవటం ఎలా?

మనిషి వచ్చి చెప్పడు గనక డాక్టరే వెతికి పట్టుకోవాలి. ముందు ఒత్తిడి కొలుస్తారు. 1905లో నార్వే వైద్యుడు షియొట్జ్ తయారుచేసిన చిన్న పరికరాన్ని పడుకున్న రోగి కార్నియామీద నిలబెడితే, దాని బరువుకు కన్ను ఎంత లొంగిందో ముల్లు చూపించేది. 1950లలో స్విట్జర్లండులో గోల్డ్‌మన్ ఇంకా కచ్చితమైన పద్ధతి కనిపెట్టాడు. కార్నియామీద చిన్న వృత్తాన్ని చదును చేయటానికి ఎంత బలం కావాలో కొలవటం అది. ఇప్పటికీ ఇదే ప్రమాణం. కంటికి మత్తుచుక్క వేస్తారు గనక నొప్పి తెలియదు.

ఒత్తిడి 21 దాటితే జబ్బు, దాటకపోతే లేదు అందామా? అలా అనటానికి లేదు. 21 అనే అంకె చాలామంది కళ్ళను కొలిచి తీసిన హద్దు మాత్రమే. 25 వున్నా కొందరి నరం చెక్కుచెదరదు. 16 వున్నా కొందరి నరం దెబ్బతింటుంది. కార్నియా పలుచగా వుంటే పరికరం అసలుకంటె తక్కువ చూపిస్తుంది, మందంగా వుంటే ఎక్కువ చూపిస్తుంది. అంచేత కార్నియా మందం కూడా కొలుస్తారు. ఒత్తిడి ఒక్కటే చూసి “మీకేం లేదు” అని పంపేస్తే ఎందరో తప్పిపోతారు.

తర్వాత గోనియోస్కోపీతో కోణం చూస్తారు. ఆ తర్వాత కంటిపాపను చుక్కలతో పెద్దది చేసి నరం మొదలు చూస్తారు. అది లేత నారింజరంగు పళ్ళెంలా, మధ్యలో చిన్న గుంటతో వుంటుంది. పోచలు పళ్ళెం అంచులో వుంటాయి. పోచలు చచ్చేకొద్దీ అంచు సన్నబడి గుంట పెరుగుతుంది. గుంట వెడల్పు పళ్ళెం వెడల్పులో ఎంతవంతుందో, రెండు కళ్ళలోనూ ఒకే తీరున వుందో లేదో చూస్తారు. చూశారా, రోగికి కంటిలో కనబడని చోటు ఏదో, డాక్టరు ముఖ్యంగా చూసేది ఆ చోటే! పోచల పొర మందాన్ని వెలుగుతో కొలిచే యంత్రాలు కూడా ఇప్పుడు వచ్చాయి. కంటికి ఏమీ తగలదు.

చివరిది పక్కచూపు పరీక్ష. తెల్లని పెద్ద గిన్నెలాంటి యంత్రం ముందు గడ్డం ఆనించి కూచోవాలి. ఒక కన్ను మూస్తారు. గిన్నె మధ్యలోని దీపాన్నే చూస్తూ వుండాలి. చుట్టూ ఎక్కడెక్కడో చిన్నచిన్న దీపాలు కొన్ని ప్రకాశంగా, కొన్ని మసకగా వెలిగి ఆరిపోతూ వుంటాయి. కనబడినప్పుడల్లా మీట నొక్కాలి. ఏ దీపం వెలిగినప్పుడు మీట నొక్కలేదో దాన్నిబట్టి యంత్రం చూపు పటం గీస్తుంది. మొదటిసారి చాలామంది తడబడతారు; తాతయ్యలు విసుక్కుంటారు. పరవాలేదు, మరోసారి చేస్తారు. మెదడు పూడ్చి దాచిపెట్టిన ఖాళీని బయటపెట్టే పరీక్ష ఇదే. మీరు పెన్సిలు చుక్కతో చేసిన పనినే యంత్రం ఎన్నో చుక్కలతో చేస్తుందన్నమాట.

1990ల చివర హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థ వారు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో వేలమంది కళ్ళను పరీక్షించారు. హైదరాబాదులో నొప్పిలేని తెరిచిన కోణపు రకం వున్నట్టు తేలినవారిలో, ప్రతి పదిమందికీ తొమ్మిదిమందికి అంతకుముందు ఆ సంగతి తెలియనే తెలియదు. అంటే పట్టుకోగలిగే పరీక్షలు వున్నా, పరీక్షకు వచ్చినవారు లేరు. 40 ఏళ్ళు దాటినవారు కళ్ళజోడు కోసం వెళ్ళినప్పుడైనా ఒత్తిడీ నరమూ చూడమని అడగాలి. తల్లికో తండ్రికో అన్నకో చెల్లెలికో ఈ జబ్బు వుంటే మిగతావారికి వచ్చే అవకాశం చాలా రెట్లు ఎక్కువ. ఇంట్లో ఒకరికి వున్నదని తేలితే తోబుట్టువులందరూ పరీక్ష చేయించుకోవాలి.

విషపుగింజనుంచి మందుచుక్క దాకా

వైద్యం అంతా ఒక్క పనికే: ఒత్తిడి తగ్గించటం. పోయిన పోచలు రావు, మిగిలినవాటిని కాపాడుకోవటమే. ఇందులో మొదటి మందు కథ విచిత్రమైనది. పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి నైజీరియాలోని కాలబార్ ప్రాంతంలో ఒక విషపుగింజ వుండేది. నేరం మోపబడినవాడిచేత దాన్ని తినిపించేవారు. వాంతి చేసుకుని బతికితే నిర్దోషి, చస్తే దోషి! ఆ గింజలోని రసాయనానికి కంటిపాపను చిన్నది చేసే గుణం వుందని 1860లలో స్కాట్లండు వైద్యులు గమనించారు. 1876లో లుడ్విగ్ లాకర్ అనే కంటివైద్యుడు దానితో కంటి ఒత్తిడి తగ్గుతుందని చూపించాడు. ఆయనకే నీటికాసులు వుండేవి.

1978లో టిమొలాల్ అనే మందు అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఇది కొళాయిని కొంత కట్టేస్తుంది. కాని ఉబ్బసం వున్నవారికి ఇది ప్రమాదం. కాబట్టి డాక్టరుకు ఉబ్బసం, గుండెజబ్బు సంగతి చెప్పితీరాలి. 1996లో వచ్చిన లాటనోప్రోస్ట్ నీరు బయటికి పోయే దారిని పెంచుతుంది. రోజుకు ఒక్కసారి వేస్తే చాలు. దీనితో కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా పెరుగుతాయి! చుక్కలు చాలకపోతే లేజరుతో వలను చురుకుచేస్తారు. అదీ చాలకపోతే ఆపరేషను చేసి నీటికి కొత్త దారి తీస్తారు. అలాంటి తొలి ఆపరేషన్లలో పేరుపొందినదొకటి మన పక్కనే పుట్టింది. మద్రాసు ప్రభుత్వ కంటి ఆస్పత్రిలో పనిచేసిన ఇలియట్ అనే వైద్యుడు 1909లో కంటిగోడకు గుండ్రని చిన్న చిల్లు వేసే పద్ధతి ప్రకటించాడు. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే వుండేవి. 1968లో ఇంగ్లండులో కెయిర్న్స్ ప్రకటించిన ట్రాబెక్యులెక్టమీ ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది.

చుక్కలు నిజంగా పనిచేస్తాయా? ఒత్తిడి ఎక్కువగా వుండి నరం ఇంకా బాగానే వున్నవారిని అమెరికాలో రెండు జట్లుగా చేసి ఐదేళ్ళు చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. చుక్కలు వేయని జట్టులో నూటికి 9నుంచి 10 మందికి నీటికాసులు వచ్చాయి. వేసిన జట్టులో నూటికి 4నుంచి 5 మందికే వచ్చాయి.

అయినా ఇలాంటి రోగుల్లో చాలామంది మందు మానేస్తారంటే ఆశ్చర్యం లేదు. జ్వరం మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గుతుంది. ఈ చుక్క వేసుకుంటే కన్ను కాస్త మండుతుంది, చూపు రవ్వంత కూడా పెరగదు. “ఆరునెలలు వేశాను, ఏమీ గుణం లేదు” అని తాతయ్య సీసా పక్కన పెట్టేస్తాడు. చూపు ఎంత వున్నదో అంతే వుండటమే దాని గుణమని ఎవరో ఒకరు ఆయనకు చెప్పాలి. పెన్సిలు చుక్క ప్రయోగం ఆయనచేత కూడా చేయించి చూడండి.

పిల్లలకు రాదా?

వస్తుంది. పుట్టుకతోనే తూము సరిగా తయారుకాని పిల్లలున్నారు. పసివాళ్ళ కంటిగోడ మెత్తగా వుంటుంది గనక ఒత్తిడికి కన్నే పెద్దదవుతుంది. “చేపపిల్లంత కళ్ళు” అని మురిసిపోతారు. కాని కళ్ళవెంట నీళ్ళు కారుతూ, వెలుగు చూడలేక మొహం దాచుకునే పసిపాపకు నల్లగుడ్డు మరీ పెద్దదిగా, మబ్బుగా కనిపిస్తే వెంటనే చూపించాలి. దీనికి ఆపరేషనే ముఖ్యమైన వైద్యం. పాశ్చాత్యదేశాలలో సుమారు 10,000 మంది శిశువులకు ఒకరికి ఇది వుంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 మందికి ఒకరికి వున్నట్టు అంచనా వేశారు. లోపమున్న జన్యువు తల్లినుంచీ తండ్రినుంచీ రెండువైపులా వస్తేనే సాధారణంగా జబ్బు వస్తుంది. మేనరికాలలో అది జరిగే అవకాశం ఎక్కువ.

మరొకటి మనం చేజేతులా తెచ్చుకునేది. ఎండాకాలం కళ్ళు దురదపెట్టి ఎర్రబడితే మందులషాపులో అడిగి ఏదో చుక్కలసీసా కొంటారు. అందులో స్టెరాయిడు వుంటే దురద చిటికెలో పోతుంది. అందుకని ప్రతి ఏడూ అదే కొంటారు. నెలల తరబడి వాడితే కొందరికి లోపల తూము పూడుకుని ఒత్తిడి పెరుగుతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడటంలో తప్పు లేదు. పాతచీటీ పట్టుకుపోయి మళ్ళీమళ్ళీ కొనటమే తప్పు. ఇంకొక మాట: శీర్షాసనం వేసినప్పుడు కంటి ఒత్తిడి సుమారు రెండింతలవుతుంది. కాళ్ళు నేలమీదికి రాగానే మళ్ళీ తగ్గిపోతుంది, మీకేం భయం లేదు. నీటికాసులున్న మామయ్య యోగాభ్యాసం చేస్తుంటే మాత్రం ఈ ఆసనం మానమని చెప్పండి.

చేతులు వణికే పెద్దవారికి చుక్కలు వేయటం మీరు చేయగలిగిన పని. చేతులు కడుక్కోండి. వారిని పైకి చూడమని, కిందిరెప్పను మెల్లగా లాగి సంచిలా చేసి, అందులో ఒకే ఒక్క చుక్క వేయండి. సీసా మొన కంటికి తగలకూడదు. రెండో చుక్క వేస్తే కంటిలో పట్టదు, చెంపమీదికి కారిపోతుంది. వేశాక కన్ను మూసుకోమని చెప్పి, ముక్కుపక్కన కంటికొసను వేలితో రెండు నిమిషాలు అదిమి పట్టండి. కన్నీరు ముక్కులోకి పోయే దారి అక్కడుంది. అది మూస్తే మందు ఒంట్లోకి పోకుండా కంటిలోనే నిలుస్తుంది. రెండు రకాల మందులుంటే మధ్య 5 నిమిషాలు ఆగండి. సీసా మూత తీసిన తేదీ దానిమీదే రాసిపెట్టండి. చాలా మందులు మూత తీసిన నెల దాటాక వాడకూడదు.